పాఠమూ ఊరూ పట్టుకుంటే పరిశోధన పోతుందా? – పి.సి. వైద్య గారి జీవితం చూపించి ఒక రిటైర్డ్ లెక్కల లెక్చరర్ చెప్పే జవాబు

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో లెక్కలు చెబుతున్నారు. పీహెచ్‌డీ అయ్యి ఆరేళ్ళు దాటింది. ఆదివారాలు మీ ఊరి లైబ్రరీలో బడిపిల్లల్ని కూర్చోబెట్టుకుని లెక్కలతో ఆటలాడిస్తున్నారు. స్టాఫ్ రూములో మాత్రం ‘పేపర్లు రాసుకోక ఈ సంఘసేవేంటి, ప్రమోషన్ల టైముకి ఏడుస్తావు’ అంటున్నారు. బతుకంతా పాఠానికీ జనానికీ పెట్టి, గణితంలోనూ పేరు నిలిచే పని చేసిన ప్రొఫెసర్ ఎవరైనా ఉన్నారా, ఉంటే ఎలా నెట్టుకొచ్చారు అన్నది మీ ప్రశ్న.

ఉన్నారు. పేరు ప్రహ్లాద్ చున్నీలాల్ వైద్య. గుజరాత్‌లో ‘వైద్య సాహెబ్’ అంటే లెక్కల మాస్టార్లందరికీ తెలుసు. మన వైపు భౌతికశాస్త్రం వాళ్ళకి ‘వైద్య మెట్రిక్’, అంటే వెలుగు చిమ్మే నక్షత్రం గురించి ఆయన ఇచ్చిన లెక్క, తెలుసు గానీ ఆ మనిషి తెలియదు. నేను ముప్పై ఒక్క ఏళ్ళు డిగ్రీ కాలేజీల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఆయన సంగతి నాకు ఉద్యోగంలో చేరిన పదేళ్ళకి గానీ తెలియలేదు. ముందే తెలిసుంటే రెండు మూడు తప్పులు చేసుండేవాణ్ణి కాదు. ఆ తప్పుల సంగతీ చెబుతాను.

ఆయన 1918లో జునాగఢ్ జిల్లా షాపూర్‌లో పుట్టారు. చిన్నప్పటి చదువు భావనగర్‌లో, పై చదువు బొంబాయిలో, అప్లైడ్ మ్యాథమెటిక్స్‌లో ఎమ్మెస్సీ. ఇక్కడిదాకా విశేషమేమీ లేదు. 1942లో ఆయన చేసిన పని ఉంది చూడండి, అది విశేషం. కాశీలో, బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో వి.వి. నార్లీకర్ గారు ఐన్‌స్టీన్ సాపేక్షతా సిద్ధాంతం మీద పనిచేస్తున్నారు. మనందరికీ తెలిసిన జయంత్ నార్లీకర్ నాన్నగారే ఆయన. వైద్య ఆయనకి ఉత్తరం రాసి, భార్యనీ పసిపాపనీ వెంటబెట్టుకుని కాశీ వెళ్ళిపోయారు. ఫెలోషిప్ లేదు, జీతం లేదు. కూడబెట్టుకున్న డబ్బు పది నెలలకి సరిపోతుందని లెక్క వేసుకుని వెళ్ళారు. బయట చూస్తే క్విట్ ఇండియా ఉద్యమం, పైన ప్రపంచయుద్ధం.

ఆ పది నెలల్లో ఏం పట్టుకున్నారో కాస్త వివరంగా చెబుతాను. మీరు లెక్కల మనిషి కాబట్టి విసుక్కోరు.

1916లో ష్వార్జ్‌షీల్డ్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఐన్‌స్టీన్ సమీకరణాలకి ఒక సాధన (సొల్యూషన్) ఇచ్చాడు. గుండ్రటి నక్షత్రం ఒకటి ఒంటరిగా ఉంటే, దాని బయట దేశకాలం (స్పేస్-టైమ్) ఎలా వంగి ఉంటుందో చెప్పే సాధన అది. అందులో నక్షత్రం ద్రవ్యరాశి ఒక స్థిరాంకం. నక్షత్రం బయట ఏమీ లేదు, శూన్యం. మరి నిజం నక్షత్రం అలా ఉంటుందా? సూర్యుణ్ణే తీసుకోండి. వెలుగు రూపంలో సెకనుకి నలభై లక్షల టన్నులకి పైగా ద్రవ్యరాశి పోగొట్టుకుంటున్నాడు. అంటే ద్రవ్యరాశి స్థిరంగా లేదు, బయట ఉన్నదీ శూన్యం కాదు, ప్రవహిస్తున్న వెలుగు. వైద్య పట్టుకున్నది ఇక్కడ. ఆ స్థిరాంకాన్ని తీసేసి దాని చోట ఒక ప్రమేయాన్ని (ఫంక్షన్‌ని) పెట్టాలి. దేని మీద ఆధారపడే ప్రమేయం? మన గడియారంలో ఇప్పుడు ఎంతైంది అన్నదాని మీద కాదు. మనల్ని ఇప్పుడు చేరిన వెలుగు నక్షత్రం దగ్గర ఎప్పుడు బయల్దేరిందో, ఆ క్షణం మీద. దూరాన ఉన్నవాడికి నక్షత్రం బరువు తగ్గిన కబురు వెలుగుతో పాటే గదా చేరేది! వినడానికి ఇంత తేలిగ్గా ఉంది. ఐన్‌స్టీన్ సమీకరణాల్లో పెట్టి తేల్చడం వేరే సంగతి. 1943లో కరెంట్ సైన్స్ పత్రికలో చిన్న వ్యాసంగా అది వచ్చింది. ఇప్పుడు మనం పుస్తకాల్లో చూసే శుభ్రమైన రూపం ఆయనే పదేళ్ళ తర్వాత, 1953లో నేచర్ పత్రికలో ఇచ్చారు.

సూర్యుడి విషయంలో ఈ సవరణ లెక్కలోకి రానంత చిన్నది. అందుకని అప్పట్లో దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఇరవై ఏళ్ళు అలా పడి ఉంది. 1963లో క్వేజార్లు, అంటే ఎంతో దూరాన విపరీతంగా వెలిగే వస్తువులు, బయటపడి, కుప్పకూలే మహానక్షత్రాల గురించి ప్రపంచమంతా కొట్టుకోవడం మొదలెట్టాక అందరికీ ఆ సాధన కావాల్సొచ్చింది. తర్వాత కృష్ణబిలం ఆవిరైపోవడం గురించి హాకింగ్ చెప్పాక మళ్ళీ కావాల్సొచ్చింది. ఇవాళ్టికీ వాడుతూనే ఉన్నారు.

ఇక మీకు పనికొచ్చే భాగం ఆ ఇరవై ఏళ్ళు. వ్యాసానికి పేరు రాలేదు గదా, మరి ఆయన ఏం చేశారు? పాఠాలు చెప్పుకున్నారు. సూరత్, రాజ్‌కోట్, బొంబాయి. కొన్నాళ్ళు హోమీ భాభా గారు కొత్తగా పెట్టిన టాటా పరిశోధనా సంస్థలో ఉన్నారు. అక్కణ్ణుంచి మళ్ళీ గుజరాత్ కాలేజీలకే వచ్చారు. వల్లభ్ విద్యానగర్, అహ్మదాబాద్, విస్‌నగర్. వీటిలో కొన్ని అప్పట్లో మన కందుకూరు, మార్కాపురం లాంటి ఊళ్ళే. పీహెచ్‌డీ బొంబాయి విశ్వవిద్యాలయం నుంచి 1949లో వచ్చింది. గమనించారా? పేరు నిలిచిన పని ముందు, పట్టా ఆరేళ్ళ తర్వాత. ఈ వరసలో వచ్చినవాణ్ణి ఇవాళ మన కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా తీసుకుంటారో లేదో! 1959లో గుజరాత్ విశ్వవిద్యాలయానికి ప్రొఫెసర్‌గా వచ్చాక ఇక అహ్మదాబాదే ఆయన ఊరైంది.

ఆయన గురించి ఎవరు రాసినా సైకిలు కథ తప్పకుండా చెబుతారు. 1978 నుంచి 1980 దాకా అదే విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్‌గా చేశారు, అప్పుడు కూడా సైకిలు మీదే ఆఫీసుకి వెళ్ళేవారు. ఖాదీ కట్టుకునేవారు, గాంధీ గారి మార్గం. కథ నిజమే, మంచిదే. కానీ నాకు అందులో పెద్ద గొప్పేమీ కనిపించదు. మా చిన్నప్పుడు మా హెడ్‌మాస్టరు గారూ సైకిలు మీదే వచ్చేవారు, ఆయన్నెవరూ రాయలేదు. నాకు గొప్పగా కనిపించేది ఆయన పెట్టిన గణిత మండలి.

1960ల్లో గుజరాత్ గణిత మండల్ అనేదాన్ని నిలబెట్టారు. ‘సుగణితం’ అనే పత్రిక గుజరాతీలో తెచ్చారు. ఇది పరిశోధనా పత్రిక కాదు, పోటీపరీక్షల గైడూ కాదు. బడి మాస్టరూ కాలేజీ లెక్చరరూ లెక్కలంటే ఇష్టమున్న పిల్లలూ చదివేది. మండలి సమావేశాలు ఏటా ఒక ఊళ్ళో జరుగుతాయి. ఆ ఊరి బడి పంతుళ్ళు వస్తారు, విశ్వవిద్యాలయం ప్రొఫెసర్లు వస్తారు, ఒకే చోట కూర్చుంటారు. సాపేక్షతా సిద్ధాంతంలో తన పేరు మీద సాధన ఉన్న మనిషి, ఎనిమిదో తరగతికి బీజగణితం చెప్పే మాస్టారితో ‘మీరు రుణ సంఖ్యల గుణకారం ఎలా చెబుతారండీ’ అని అడిగే వాతావరణం అది. ఆ వాతావరణం కట్టడమే అసలు పని. డబ్బిస్తే సైన్సు మ్యూజియం వస్తుంది గానీ ఇది రాదు.

ఇక్కడ నా తప్పు చెప్పాలి. 1989లో, నేనింకా కుర్రాణ్ణి, తెలుగులో ఒక లెక్కల పత్రిక పెట్టాను. సైక్లోస్టైల్ చేసింది. స్టెన్సిల్ మీద ఇనప ములికితో రాసేవాణ్ణి, చిన్న తప్పు పడితే ఎర్ర ద్రవం పూసి ఆరాక మళ్ళీ రాయాలి. భిన్నం గీత కొంచెం గట్టిగా గీస్తే కాగితం చిరిగేది. రెండొందల కాపీలు తీసేసరికి చేతులు మోచేతుల దాకా నలుపు, ఆ రోజు అన్నం చెంచాతో తినేవాణ్ణి. నాలుగు సంచికలు వచ్చాయి. తర్వాత ఆగిపోయింది. డబ్బు లేక ఆగిందని చాలాకాలం చెప్పుకున్నాను. అది అబద్ధం. నాలుగు సంచికల్లో ప్రతి అక్షరం నేనే రాశాను, అందుకే ఆగింది. మూడో సంచిక వచ్చాక పక్క మండలం నుంచి ఒక సెకండరీ గ్రేడ్ మాస్టారు పోస్టుకార్డు రాశారు. తొమ్మిదో ఎక్కాన్ని వేళ్ళ మీద చూపించే పద్ధతి పంపించారు. ‘ఇది అందరికీ తెలిసిందే’ అని వేయలేదు నేను. ఆయన మళ్ళీ రాయలేదు. వైద్య గారి మండలి ఎలా నిలబడిందో చదివినప్పుడల్లా నాకు ఆ పోస్టుకార్డే గుర్తొస్తుంది. తొమ్మిదో ఎక్కం వేళ్ళ మీద ఎందుకు వస్తుందో, పదుల మీద నడిచే మన అంకెల పద్ధతికీ దానికీ ఏం సంబంధమో ఒక పేజీ రాయించుకుని ఉంటే ఆయన పదేళ్ళు రాసేవారేమో.

కాబట్టి మీ ఆదివారం పిల్లల సంగతి బానే ఉంది గానీ, అక్కడికి ఆ ఊరి బడి మాస్టార్లు వస్తున్నారా? మీ ప్రశ్నలో వాళ్ళ ఊసు లేదు. వాళ్ళు రాకపోతే మీకు బదిలీ అయిన రోజునే అది మూతపడుతుంది. ఒక్కరిని, కనీసం ఒక్కరిని పట్టుకోండి. సాయం చేయమని కాదు, ‘ఈ ఆదివారం మీరు చెప్పండి, నేను వెనక కూర్చుంటాను’ అని అడగండి.

భాష సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే వైద్య గారు దాన్ని పట్టుబట్టి పట్టుకున్నారు. ఆధునిక గణితాన్ని గుజరాతీలో చెప్పడం ఆయనకి పేదపిల్లల మీద జాలితో చేసే పని కాదు. సొంత భాషలో చెప్పలేకపోతే మనకే ఇంకా అర్థం కాలేదన్న పట్టింపు అది. మనకి ఇది కొత్తేమీ కాదు. మహావీరాచార్యుడి గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చి సుమారు వెయ్యేళ్ళయింది. మన దగ్గర తెలుగు అకాడమీ 1968లో వచ్చింది, అవధి (లిమిట్), అవకలనం (డిఫరెన్షియేషన్), సమాకలనం (ఇంటిగ్రేషన్) అని మాటలు కట్టి ఇచ్చింది. మాటలు మంచివే. వాటిని నోట్లో నానబెట్టకుండా పిల్లల మీదకి వదలడమే మన తప్పు. ‘అవిచ్ఛిన్నత’ (కంటిన్యూయిటీ, తెంపు లేకపోవడం) అని బోర్డు మీద రాయగానే ఫస్టియర్ పిల్లలు బిక్కచచ్చిపోతారు. ‘సుద్దముక్క బోర్డు మీంచి ఎత్తకుండా గీయగలవా?’ అని ముందు గీయించి, రెండు రోజుల తర్వాత ఆ మాట చెప్పి, మరో వారానికి ‘ఎత్తకుండా గీయడం’ అన్నది ఎందుకు సరిపోని నిర్వచనమో చూపిస్తే ఎవరూ బెదరరు. మీ ఆదివారాల్లో ఈ పని బడి స్థాయిలో జరుగుతుంది, దాని ఫలితం సోమవారం డిగ్రీ క్లాసులో కనబడుతుంది.

ఒక సంగతి చెబుతాను. రిటైర్మెంటుకి మూడు నాలుగేళ్ళ ముందు మా ఊరి గ్రంథాలయంలో నేనూ ఆదివారాలు కూర్చునేవాణ్ణి. ఒకరోజు చింతపిక్కలు పోశాను. ‘ఒక పిక్క పెట్టు. దాని చుట్టూ రెండు వైపులా గోడలాగా మూడు పెట్టు. ఇప్పుడు ఐదు పెట్టు, ఏడు పెట్టు.’ చతురస్రం పెరుగుతూ పోతుంది, ఒకటి, నాలుగు, తొమ్మిది, పదహారు. బేసి సంఖ్యల్ని వరసగా కూడితే వర్గసంఖ్యలు వస్తాయని కళ్ళతో చూస్తారు. పాతికేళ్ళకి పైగా చెబుతున్నదే. ఏడో తరగతి పిల్ల ఒకతి, రెండు జడల పిల్ల, పిక్కలన్నీ చెరిపేసి ‘సరి సంఖ్యలు పెడితే ఏమొస్తది మాస్టారూ?’ అంది. పెట్టి చూడు అన్నాను. రెండు పెట్టింది, పక్కపక్కన. నాలుగు తెచ్చి చుట్టూ పెట్టింది, ఆరైంది, రెండు వరసలు మూడేసి. ఇంకో ఆరు, పన్నెండు. ‘చదరం రావట్లా. ఎప్పుడూ ఒకటి ఎక్కువ పొడుగు’ అంది. అంటే ఒకటి ఇంటూ రెండు, రెండు ఇంటూ మూడు, మూడు ఇంటూ నాలుగు. నేను చెప్పబోయేలోపు పక్కనున్న పిల్లాడు దాన్ని మూలగా రెండు ముక్కలు చేశాడు, మెట్లమెట్లుగా. ఒక్కో ముక్కలో ఒకటి, రెండు, మూడు. ఒకటి నుంచి వరసగా కూడితే ఎంతొస్తుందో ఆ సూత్రం నేలమీద పడి ఉంది.

మర్నాడు డిగ్రీ క్లాసులో గణితానుగమనం (ఇండక్షన్, ఒక మెట్టు నుంచి పై మెట్టుకి వెళ్తూ రుజువు చేసే పద్ధతి) పాఠం. ఏటా బోర్డు మీద అదే సూత్రం రాసి, ‘ఎన్ కి నిజమనుకుందాం, ఎన్ ప్లస్ వన్ కి చూపిద్దాం’ అని యాంత్రికంగా లాగించేవాణ్ణి. ఆ రోజు జేబులో పిక్కలు తీసుకెళ్ళి బల్ల మీద పోశాను. ఒక దశ నుంచి పై దశకి వెళ్ళేప్పుడు మనం నిజంగా చేసేదేంటి? ఉన్న ఆకారానికి ఇంకో వరస చేర్చడం. ‘అనుకుందాం’ అన్న మాట పిల్లలకి ఎప్పుడూ మోసంలా వినిపిస్తుంది కదా, ఆ రోజు వినిపించలేదు. అందుకని ఆదివారాన్ని మీ ఉద్యోగంలోంచి కొట్టేసిన రోజుగా లెక్కేసుకోకండి.

ఇక పరిశోధన. మీ స్టాఫ్ రూము వాళ్ళు అసలు భయపెట్టేది దీని గురించే, దానికి సూటిగా జవాబు చెప్పాలి.

వైద్య గారు మండలి పనుల్లో మునిగిపోయాక పరిశోధన మానేశారా? లేదు. 1973లో ఎల్.కె. పటేల్ గారితో కలిసి, తన చుట్టూ తాను తిరుగుతూ వెలుగు వెదజల్లే నక్షత్రానికి సాధన ఇచ్చారు. కెర్ అనే గణితవేత్త 1963లో అలా తిరిగే వస్తువుకి ఇచ్చిన సాధన ఉంది కదా, దాన్ని వెలుగుతో కలిపిందన్నమాట. తర్వాత వైస్ చాన్సలర్ పదవి అయిపోయాక, 1982లో, రమేష్ టికేకర్ గారితో కలిసి మహా సాంద్రత గల నక్షత్రానికి ఒక నమూనా ఇచ్చారు. దాన్ని ఇప్పుడు వైద్య–టికేకర్ నమూనా అంటారు. అప్పటికి ఆయనకి అరవై నాలుగేళ్ళు. చూడండి, ఈ ఇద్దరూ కేంబ్రిడ్జి వాళ్ళు కాదు, ప్రిన్స్‌టన్ వాళ్ళు కాదు. గుజరాత్‌లో పాఠాలు చెప్పుకునేవాళ్ళే. ఆయన పాఠం ద్వారా తయారైన మనుషులే ఆయనకి సహ రచయితలయ్యారు. నా మట్టుకు నాకు ఆయన జీవితంలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇదే.

1969లో సాపేక్షత, గురుత్వాకర్షణ మీద పనిచేసేవాళ్ళ కోసం దేశవ్యాప్తంగా ఒక సంఘం ఏర్పడింది. అందులోనూ ఆయనది పెద్ద చెయ్యి. ఆ సంఘం వైద్య, రాయ్‌చౌధురి ఇద్దరి పేరు మీదా ఉపన్యాసాలు ఇప్పిస్తుంది. అమల్ కుమార్ రాయ్‌చౌధురి ఎవరో తెలుసుగా, సాపేక్షతా సిద్ధాంతంలో 1955 నాటి రాయ్‌చౌధురి సమీకరణం ఆయనదే. ఆయన కూడా కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో పిల్లలకి పాఠాలు చెప్పుకుంటూ గడిపిన మనిషే. సంఘం ఆ రెండు పేర్లనీ జంటగా పెట్టుకోవడం నాకు భలే నచ్చుతుంది.

పొరుగున మద్రాసులో ఇంకో రకం మనిషి ఉండేవారు. ఫాదర్ రసీన్ అని ఫ్రెంచి జెసూట్ మతగురువు, పారిస్‌లో ఎలీ కార్టాన్ అనే గొప్ప గణితవేత్త దగ్గర పనిచేసినవారు. 1930ల్లో మన దేశానికి వచ్చి, చాలాకాలం లొయోలా కాలేజీలో బీఏ ఆనర్స్ పిల్లలకి లెక్కలు చెప్పారు. తర్వాత పెద్ద గణితవేత్తలైన ఎమ్.ఎస్. నరసింహన్, సి.ఎస్. శేషాద్రి ఆయన దగ్గర చదివిన పిల్లలే. సిలబస్‌లో లేని కొత్త గణితం ఉందని వాళ్ళకి చెప్పి, 1953లో టాటా సంస్థ దారి పట్టేలా చేశారు. పన్నెండేళ్ళకి వాళ్ళిద్దరి పేరు మీద నరసింహన్–శేషాద్రి సిద్ధాంతం వచ్చింది. రసీన్ గారి పేరు మీద సిద్ధాంతాలు వెతికితే పెద్దగా దొరకవు. మన వాల్తేరులో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేసిన మీనాక్షిసుందరం గారు కూడా ఆ మద్రాసు వాతావరణంలోంచి వచ్చినవారే. 1949 నాటి మీనాక్షిసుందరం–ప్లైయెల్ వ్యాసం ఇవాళ్టికీ ప్రపంచమంతా వాడుతుంటే, వాల్తేరులో చదివిన మా బ్యాచ్‌లో సగం మందికి ఆయన పేరే తెలియదు. అది వేరే బాధ, ఇక్కడ వద్దు.

సరే, వైద్య గారి కాలానికీ మన కాలానికీ తేడా లేదా అంటే ఉంది. ఆయనకి ప్రమోషన్ కోసం స్కోరు లెక్కలు లేవు, కాలేజీకి గ్రేడు ఇచ్చే న్యాక్ వాళ్ళ ఫైళ్ళు లేవు, ప్రతి మార్చిలో ‘ఈ ఏడాది ఎన్ని పేపర్లు’ అని అడిగే కాలమ్ లేదు. మీకు ఉన్నాయి. ఆయన జీవితాన్ని చూపించి ‘ప్రమోషన్ గురించి ఆలోచించకండి’ అని నేను చెబితే అది మోసం. నాకు ప్రమోషన్ నాలుగేళ్ళు ఆలస్యమైంది, ఆ నాలుగేళ్ళ ఇంక్రిమెంట్ల తేడా పెన్షన్‌లో ఇప్పటికీ కనబడుతుంది. మా ఇంటావిడ అప్పుడప్పుడు గుర్తుచేస్తుంది కూడా. అందులో ఆదివారాల తప్పు ఎంత, నా బద్ధకం తప్పు ఎంత అని నిజాయితీగా లెక్కేస్తే బద్ధకానిదే పెద్ద వాటా. రాత్రి తొమ్మిది నుంచి పదకొండు దాకా టీవీ ముందు కూర్చున్న ఏళ్ళున్నాయి నాకు.

కాబట్టి ఆచరణలో నేను చెప్పేది ఇది. డబ్బు కట్టించుకుని వారంలో పేపరు వేసే జర్నళ్ళ జోలికి పోవద్దు. స్కోరు వస్తుంది గానీ పదేళ్ళ తర్వాత మీ పేరు పక్కన అవి చూసుకుంటే మీకే సిగ్గేస్తుంది. మీ పీహెచ్‌డీ విషయంలోనే, ఊళ్ళో కాకపోయినా ఫోనుకి అందే మనిషిని ఒక్కరిని పట్టుకోండి, ఒకే ఒక ప్రశ్న మీద. వైద్య గారికి పటేల్, టికేకర్ ఎలాగో అలాగ. పొద్దున్నే కాలేజీకి ముందు గంటన్నర దానికి. వారానికి ఐదు రోజులు చాలు. రెండేళ్ళకి ఒక మంచి వ్యాసం వస్తే డిగ్రీ కాలేజీలో ఉన్నవాళ్ళకి అది తక్కువేమీ కాదు. ఎండాకాలం సెలవుల్లో ఇన్విజిలేషన్లూ స్పాట్ వాల్యుయేషనూ తప్పవు, తెలుసు. కానీ రెండేళ్ళకొకసారైనా ఎక్కడో ఒక వర్క్‌షాపుకి వెళ్ళి రండి. మీ డిగ్రీ పిల్లల చేత ఎంటీటీఎస్‌కి దరఖాస్తు పెట్టించండి. 1993లో కుమరేశన్ గారనే గణితం ప్రొఫెసర్ మొదలుపెట్టిన వేసవి గణిత శిబిరం అది. ఆయన తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పనిచేశారు. అక్కడ సిద్ధాంతం చెప్పి నోట్సు ఇవ్వరు, ప్రశ్న అడిగి పిల్లవాడి చేతే తవ్విస్తారు. మా కాలేజీ నుంచి ఒక అమ్మాయి వెళ్ళొచ్చింది. వచ్చిన వారానికి నా క్లాసులో లేచి ‘సార్, ఈ షరతు తీసేస్తే ఎక్కడ విరుగుతుంది?’ అని అడిగింది. నాకు జవాబు తెలియలేదు. రేపు చెబుతానని ఇంటికెళ్ళి రాత్రి పన్నెండింటి దాకా కూర్చున్నాను. టీవీ పెట్టకుండా.

ఇంకోటి. ఆదివారం పనిని ఎన్‌ఎస్‌ఎస్ ఖాతాలోనో, విస్తరణ కార్యక్రమం కిందో కాలేజీ రికార్డుల్లో ఎక్కించండి. సిగ్గుపడకండి. ఫోటో తీసి ఫైల్లో పెట్టడం నాకు చిన్నతనంగా అనిపించి ఎప్పుడూ చేయలేదు. దానివల్ల లాభపడింది ఎవరూ లేరు. వైద్య గారు గాంధీ మనిషైనా సంస్థ పనికి దూరంగా ఉండలేదు. పబ్లిక్ సర్వీస్ కమిషన్‌లో పనిచేశారు, వైస్ చాన్సలర్ కుర్చీలో కూర్చున్నారు. కాగితం ఉన్నచోట కాగితం నడపడం ఆయనకి తెలుసు. 2010 మార్చిలో, తొంభై దాటాక, అహ్మదాబాద్‌లో పోయారు.

మీ ప్రశ్నలో చివరి వాక్యం ఒకటుంది, ‘వచ్చే ఆదివారం ఏం చెప్పాలో కూడా తోచడం లేదు’ అని. చింతపిక్కలు చెప్పండి. పిల్లకి యాభై చొప్పున కావాలి. చింతపండు సీజన్లో ఊళ్ళో ఎవరింటికెళ్ళినా గంపెడు ఇస్తారు. శుక్రవారమే కడిగి ఎండబెట్టండి, లేకపోతే పులుసు జిగురు వేళ్ళకి అంటుకుని వరసలు కదిలిపోతాయి. పిల్లలు ముందు కాసేపు వామనగుంటలు ఆడతారు, ఆడనివ్వండి. బేసి సంఖ్యల చదరం దాకా మీరు చెప్పండి. సరి సంఖ్యల సంగతి మాత్రం ఎవరైనా అడిగేదాకా ఎత్తొద్దు. అడక్కపోతే ఇంకో ఆదివారం ఆగండి. ఆ బడి మాస్టారిని వెనక బెంచీలో కాకుండా పిల్లల మధ్యన కూర్చోబెట్టి ఆయనకీ ఒక గుప్పెడు పిక్కలు ఇవ్వండి.